యథాస్థాన వ్యవకలనం – అప్పు లేని తీసివేతల బోధన: ఒక పరిశీలన

ప్రాథమిక పాఠశాలలో చిన్న పిల్లలకు తీసివేతను రెండు దశలుగా నేర్పడం పరిపాటి. మొదటి దశలోని లెక్కల్లో పై సంఖ్యలోని ప్రతి అంకె తన కింద ఉన్న అంకెకు సమానంగానో, అంతకంటె పెద్దదిగానో ఉంటుంది. 78లో నుండి 35 తీసివేయడం ఇటువంటిది. రెండవ దశలో ఒక స్థానంలోని పై అంకె చాలక, ఎడమవైపు స్థానంలో నుండి ఒక పదిని విడదీసుకోవలసి వస్తుంది. 52లో నుండి 27 తీసివేయడం ఇటువంటిది. వ్యవహారంలో మొదటివాటిని అప్పు లేని తీసివేతలనీ, రెండవవాటిని అప్పు తీసివేతలనీ అంటాం. మొదటి దశ సులభమనీ, కష్టమంతా రెండవ దశలోనే ఉందనీ ఉపాధ్యాయులలో సామాన్యంగా ఉన్న అభిప్రాయం.

ఈ అభిప్రాయాన్ని పునర్విమర్శ చేయడం ఈ వ్యాస లక్ష్యం. రెండవ దశలో బయటపడే దోషానికి బీజం మొదటి దశలోనే పడుతుందనీ, అక్కడ జవాబులన్నీ సరిగా వస్తూ ఉండడం చేత అది ఉపాధ్యాయుని కంటికి కనబడదనీ నిరూపించడానికి ఇక్కడ ప్రయత్నిస్తాను. ఇది కేవలం తర్కచర్చ కాదు. గ్రామీణ భారతంలో జరిగే అసర్ సర్వే ప్రకారం మూడవ తరగతి పిల్లలలో రెండంకెల అప్పు తీసివేత చేయగలిగినవారు 2022లో 25.9 శాతం, 2024లో 33.7 శాతం మాత్రమే. అంటే ముగ్గురిలో ఇద్దరు ఈ మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు. ఆగినవారికి గుణకార భాగహారాలు అందని పండ్లే.

ప్రాచ్య కళాశాలకు ఈ విషయంతో పని ఏమిటని శంక కలగవచ్చు. సమాధానం రెండు విధాలు. మన సంస్కృత గణిత గ్రంథాలలో ఈ అంశానికి మూలసూత్రం ఉన్నది. దానిని వ్యాఖ్యానించి చెప్పగలవారు మన కళాశాలల్లో ఉన్నారు. అంతేగాక పిల్లవాడు లెక్కలో తప్పడానికి గల కారణాలలో ముఖ్యమైనది భాషాసంబంధమైనది. సంఖ్యావాచకాల నిర్మాణం, 'సంఖ్య', 'అంకె' అనే మాటల అర్థభేదం భాషోపాధ్యాయుని పరిధిలోనివే. మన వద్ద చదివి పాఠశాలలకు వెళ్ళే తెలుగు పండితులు ఈ విషయంలో గణితోపాధ్యాయునికి చేయగలిగిన సహాయం స్వల్పం కాదు.

1. పరిభాష

సంస్కృత గణిత గ్రంథాలలో తీసివేతకు వ్యవకలితం, వ్యుత్కలితం, శోధనం, పాతనం, వియోగం మొదలైన పేర్లు కనిపిస్తాయి. దేనిలో నుండి తీస్తామో అది వియోజ్యం లేదా సర్వధనం, తీసేది వియోజకం, ఫలితం శేషం లేదా అంతరం. మహాసిద్ధాంతకర్త అయిన రెండవ ఆర్యభటుడు సర్వధనంలో నుండి కొంత తీసివేయడం వ్యవకలనమనీ, మిగిలినది శేషమనీ నిర్వచించాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తొమ్మిదవ శతాబ్దంలో అమోఘవర్ష నృపతుంగుని కాలంలో మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహంలో అష్ట పరికర్మలు గుణకారంతో మొదలవుతాయి. అందులో చివరిదైన వ్యుత్కలితం శ్రేఢీ మొత్తంలో నుండి కొంత భాగాన్ని తీసివేయగా మిగిలినదానిని చెబుతుంది గాని, ఇక్కడ మనం చర్చించే సామాన్యమైన తీసివేతను చెప్పదు. సామాన్య సంకలన వ్యవకలనాలు చదువరికి ముందే తెలిసినవని గ్రంథకర్త భావించినట్లు ఊహించవచ్చు. ఎం. రంగాచార్యులు 1912లో మద్రాసులో ఆంగ్లానువాదంతో ప్రకటించిన ఈ గ్రంథమే మన పావులూరి మల్లన సారసంగ్రహ గణితానికి మూలమన్నది విదితమే. కనుక పదసామ్యాన్ని బట్టి వ్యుత్కలితం ఉన్న ప్రతి చోటా బాలబోధకు పనికివచ్చే తీసివేత ఉన్నదని భ్రమపడరాదు.

శేషం, అంతరం అనే రెండు మాటలు ఒకే ఫలాన్ని చెప్పినా భావాలు వేరు. పది మామిడికాయలలో నాలుగు పచ్చడికి పోగా మిగిలిన ఆరు శేషం. అక్క వద్ద పది, తమ్ముని వద్ద నాలుగు ఉంటే, ఇద్దరి కాయల మధ్య ఆరు అంతరం. మొదటిదానిలో వస్తువు పోయింది. రెండవదానిలో ఎవరి కాయలు వారి వద్దే ఉన్నాయి, పోలిక మాత్రమే జరిగింది. తెలుగులో మొదటిది 'మిగిలినవి', రెండవది 'తేడా'. పిల్లలకు సాధారణంగా మొదటి భావాన్నే నేర్పి, రెండవదానిని వదిలివేస్తున్నాం. దాని వల్ల కలిగే నష్టాన్ని వ్యాసం చివరి భాగంలో చూద్దాం.

2. భాస్కరుని సూత్రం, ఉదాహరణ

భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో రచించిన లీలావతిలో కూడికనూ తీసివేతనూ కలిపి అర్ధశ్లోకంలోనే ముగించాడు. దాని తాత్పర్యం ఇది: అంకెలను వాటి వాటి స్థానాలను అనుసరించి, క్రమంగా గాని ఉత్క్రమంగా గాని, కూడనైనా వచ్చు, అంతరం తీయనైనా వచ్చు. లీలావతీ వ్యాఖ్యాత గంగాధరుడు అంకెలు ఎడమవైపుకు నడుస్తాయన్న న్యాయాన్ని బట్టి ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టడం క్రమమనీ, చివరి స్థానం నుండి, అంటే ఎడమ కొస నుండి మొదలుపెట్టడం ఉత్క్రమమనీ వివరించాడు.

సూత్రంలో రెండు అంశాలు గమనార్హం. మొదటిది 'యథాస్థానకం' అన్న పదం. పదులలో నుండి పదులు, వందలలో నుండి వందలు తీయాలన్నదే తీసివేతకు ప్రాణం. రెండవది ఉభయదిశలకూ ఇచ్చిన అనుమతి. అప్పు అవసరం లేనప్పుడు ఏ వైపు నుండి మొదలుపెట్టినా ఒకే ఫలం వస్తుంది. ఏ స్థానం మరొక స్థానానికి ఋణపడి లేదు గనుక.

ఇక ఉదాహరణ చూద్దాం. 2, 5, 32, 193, 18, 10, 100 ఈ సంఖ్యలను కూడి, ఆ మొత్తాన్ని ఆయుతంలో నుండి తీసివేస్తే ఎంత అని లీలావతిని అడుగుతాడు. మొత్తం 360, ఆయుతం, అంటే 10,000లో నుండి తీసివేస్తే శేషం 9,640. సూత్రం అప్పు ప్రసక్తి తేలేదు. ఉదాహరణ మాత్రం అప్పు లేకుండా యథాస్థానంగా సాగేది కాదు. పై సంఖ్యలో ఒకటి తప్ప అన్నీ సున్నలే. సూత్రానికీ ఉదాహరణకూ మధ్య ఒక అగాధం ఉన్నది.

ఇది గ్రంథదోషమా? కాదనే నా అభిప్రాయం. సూత్రగ్రంథం కంఠస్థం చేయడానికి. మధ్యనున్న మెట్లు కట్టడం వ్యాఖ్యాత పని, గురువు పని. పదహారవ శతాబ్దపు వ్యాఖ్యాత సూర్యదాసు ఆ పని చేశాడు. ఒక స్థానంలోని అంకె చాలనప్పుడు పదిని గ్రహించి, దానిలో నుండి తీసివేసి, ఆ పదిని తరువాతి స్థానంలో తగ్గించాలని అతడు చెప్పాడు. అంతటితో ఆగక, స్థానాలు పదింతలుగా పెరగడమే దీనికి హేతువని కూడా చెప్పాడు. స్థానం నుండి స్థానం పదింతలన్న నియమం 499 నాటి ఆర్యభటీయంలోనే ఉన్నది. కనుక అప్పు అనేది కొత్త సూత్రం కాదు, యథాస్థాన సూత్రానికి వ్యాఖ్య మాత్రమే. మొదటి దశలో స్థానభావం కుదిరిన పిల్లవానికి రెండవ దశ సహజంగా అర్థమవుతుంది. కుదరనివానికి అది ఒక మాయగా కనిపిస్తుంది.

3. సంఖ్య, అంకె – ఒక అర్థభేదం

దోషం ఎక్కడ పుడుతుందో ఇప్పుడు పరిశీలిద్దాం. 78లో 35 తీసివేయమన్నప్పుడు పిల్లవాడు ఎనిమిదికీ ఐదుకూ తేడా మూడు, ఏడుకూ మూడుకూ తేడా నాలుగు అని 43 రాస్తాడు. జవాబు సరియైనది. ఇటువంటి లెక్కలు యాభై చేయిస్తే యాభైకీ సరియైన జవాబులే వస్తాయి. అతడికి తీసివేత వచ్చిందని ఉపాధ్యాయుడు ముందుకు సాగుతాడు.

కాని ఆ పిల్లవాని మనస్సులో స్థిరపడిన నియమం ఏది? 'ప్రతి నిలువు వరుసలో పెద్ద అంకెలో నుండి చిన్న అంకె తీయాలి' అన్నది కావచ్చు. మొదటి దశ లెక్కలన్నింటిలో పై అంకెయే పెద్దది గనుక ఈ తప్పు నియమం సరియైన జవాబులనే ఇస్తుంది. 52లో 27 తీసివేయమన్ననాడు అది బయటపడుతుంది. ఏడులో రెండు పోతే ఐదు, ఐదులో రెండు పోతే మూడు; జవాబు 35 అంటాడు. సరియైన జవాబు 25. అతడు అజాగ్రత్తగా చేయలేదు. తాను నేర్చిన నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. పిల్లల తీసివేత దోషాలు చాలావరకు యాదృచ్ఛికాలు కావనీ, తప్పు నియమాన్ని నిలకడగా పాటించడం వల్ల కలిగేవనీ జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే పరిశోధకులు 1978లో సోదాహరణంగా చూపించారు.

ఈ తప్పు నియమం ఎక్కడి నుండి వచ్చింది? చాలాసార్లు ఉపాధ్యాయుని నోటి నుండే. 'పెద్దదానిలో నుంచి చిన్నది తీసివేయాలి' అని తరగతిలో తరచుగా వినిపిస్తుంది. చిన్న తరగతులలో ఈ వాక్యం సంఖ్యల విషయంలో సత్యం. అంకెల విషయంలో అసత్యం. 52 అనే సంఖ్య 27 కంటె పెద్దది. దానిలోని 2 అనే అంకె మాత్రం 7 కంటె చిన్నది. సంఖ్య రాశిని చెబుతుంది. అంకె ఆ రాశిని రాసే గుర్తు. సంస్కృతంలో సంఖ్యా, అంక శబ్దాలకు ఈ భేదం ఉన్నది. భాస్కరుని సూత్రం చెప్పినది అంకెల గురించే. వ్యవహారంలో మనం ఇరవై ఏడును కూడా 'అంకె' అనేస్తున్నాం. పెద్దలకు దీనివల్ల నష్టం లేదు. ఏడేళ్ళ పిల్లవాడు మాత్రం సంఖ్యకు చెప్పిన ధర్మాన్ని అంకెకు అంటగట్టి మోసపోతాడు. కనుక ఆ వాక్యాన్ని వదిలి, 'పై సంఖ్యలో నుండి కింది సంఖ్య తీస్తున్నాం. పదులలో నుండి పదులు, ఒకట్లలో నుండి ఒకట్లు' అని చెప్పడం మంచిది.

4. తెలుగు సంఖ్యావాచకాలు – స్థానభావం

నలభై ఏడును సంస్కృతంలో సప్తచత్వారింశత్ అంటారు. ఏడు ముందు, నలభై తరువాత. హిందీ సైంతాలీస్ లోనూ ఇదే వరుస, పైగా రెండు అవయవాలూ కరిగి కలిసిపోయాయి. తెలుగు సంఖ్యావాచకాలలో పెద్ద స్థానమే ముందు వస్తుంది. పదకొండు నుండి పందొమ్మిది వరకు ఉన్న మాటలలో కూడా పది ముందే ఉన్నది. రాసే వరుసా పలికే వరుసా ఒకటే కావడం తెలుగు పిల్లవానికి అయాచితంగా లభించిన సౌకర్యం.

అయితే ఆధునిక రూపాలలో ఒక చిక్కు ఉన్నది. ఇరువది, ముప్పది, నలువది, ఏబది, అరువది, ఎనుబది అన్న గ్రాంథిక రూపాలలో 'పది' చెవికి వినబడుతుంది. ఇరు, ముప్, నలు అన్న పూర్వావయవాలు రెండు, మూడు, నాలుగును స్ఫురింపజేస్తాయి. ఇరవై, ముప్పై, నలభై అన్న వ్యావహారిక రూపాలలో ఆ 'పది' అరిగిపోయి వై, పై, భై అయింది. పిల్లవానికి ఇరవై అనేది పదమూడు వంటి మరొక పేరు మాత్రమే. అందులో రెండు పదులున్నాయని మాట చెప్పడం లేదు. గణితం పాఠం మొదలుకాక ముందే 'ఇరవై అంటే ఇరు పది, రెండు పదులు. ముప్పై అంటే ముప్పది, మూడు పదులు' అని ఒక వారం రోజులు పలికించడం తెలుగు ఉపాధ్యాయుడు చేయగలిగిన ఉపకారం. డెబ్బై, తొంభై అన్న మాటలలో ఏడు, తొమ్మిది అంత స్పష్టంగా దొరకవు. వాటిని 'ఏడు పదులు, తొమ్మిది పదులు' అని విడిగా కంఠస్థం చేయించాలి.

వందల విషయంలో దోషం మరొక రూపం దాలుస్తుంది. 'రెండు వందల ఐదు' విన్న పిల్లవాడు విన్నది విన్నట్లు 2005 అని రాస్తాడు. 'నూట నాలుగు' అన్నప్పుడు 1004 అంటాడు. మాటలో లేని పదుల స్థానానికి రాతలో సున్న పెట్టాలన్న భావం అతనికి ఇంకా అందలేదు. ఇది కుదరకుండా మూడంకెల తీసివేతలోకి పోవడం ఇసుక మీద గోడ కట్టడమే.

పలుకుబడిలో పెద్ద స్థానం ముందు రావడం నోటి లెక్కకు ఎంతో అనుకూలం. 78లో 35 తీయవలసినప్పుడు 'డెబ్బైలో ముప్పై పోతే నలభై. ఎనిమిదిలో ఐదు పోతే మూడు. నలభై మూడు' అని పిల్లవాడు సహజంగానే ఉత్క్రమంగా చేస్తాడు. జవాబు పలకవలసిన వరుసలోనే వస్తుంది. 'అలా కాదు, ఒకట్ల నుండి మొదలుపెట్టాలి' అని ఈ దశలో గద్దించడానికి శాస్త్రాధారం లేదు. భాస్కరుడే రెండు దిశలకూ అనుమతి ఇచ్చాడు. ఒకట్లతో మొదలుపెట్టడం ఎందుకు సుకరమో అప్పు వచ్చిననాడు పిల్లవాడే కనుగొంటాడు. హేతువు లేని ఆజ్ఞ కంటె తాను కనుగొన్న హేతువు మనస్సులో నిలుస్తుంది.

5. బోధనాక్రమం

అ) కట్టలు, విడి పుల్లలు. చీపురు పుల్లలను సమానంగా తుంచి, పదేసి చొప్పున కట్టలు కట్టించాలి. కట్టలు పిల్లల చేతనే కట్టించడం ముఖ్యం. తాను లెక్కపెట్టి కట్టినదానిలో పది ఉన్నాయని పిల్లవానికి నమ్మకం ఉంటుంది. 68 అంటే ఆరు కట్టలు, ఎనిమిది విడి పుల్లలు. అందులో నుండి 25, అంటే రెండు కట్టలు, ఐదు పుల్లలు తీసి పక్కన పెట్టించాలి. మిగిలినవి నాలుగు కట్టలు, మూడు పుల్లలు; నలభై మూడు. ఒకసారి కట్టలు ముందు తీయించి, మరొకసారి పుల్లలు ముందు తీయించి, రెండు విధాలా శేషం ఒకటే కావడం చూపాలి. పుల్లలకు బదులు పది రూపాయల నోట్లు, రూపాయి నాణేలు వాడవచ్చును గాని, పుల్లల తరువాతనే వాడాలి. నోటును విప్పి చూస్తే అందులో పది రూపాయి నాణేలు కనబడవు.

ఆ) చేతలో నుండి రాతకు. కట్టలు తీసినప్పుడు పదుల కింద, పుల్లలు తీసినప్పుడు ఒకట్ల కింద అంకె రాయించాలి. ప్రతి అంకె జరిగిన ఒక పనికి గుర్తు కావాలి. పుల్లలతో పాఠం ఒక రోజు, నిలువు లెక్కలు మరొక రోజు అని విడదీస్తే పిల్లవాడు రెండింటినీ రెండు వేర్వేరు విద్యలనుకుంటాడు.

ఇ) పెద్ద సంఖ్యలు. స్థానభావం కుదిరిన తరువాత మూడు, నాలుగు అంకెల సంఖ్యలకు పోవడానికి జంకనక్కరలేదు. 8,796లో 3,452 తీసివేస్తే 5,344. ఇక్కడ కొత్త విద్య ఏదీ లేదు. వేలలో నుండి వేలు, వందలలో నుండి వందలు. అప్పటివరకు పదులు ఒకట్లతోనే మెలిగిన పిల్లవాడు వేల లెక్క చేయగలిగినప్పుడు పొందే ఉత్సాహాన్ని ఉపాధ్యాయుడు వినియోగించుకోవాలి.

ఈ) అసమానమైన అంకెల సంఖ్య. 6,879లో 56 తీసివేయడం యథాస్థాన సూత్రానికి నిజమైన పరీక్ష. కొందరు పిల్లలు 56ను ఎడమకు జరిపి 68 కింద రాస్తారు. అప్పుడు 1,279 వస్తుంది. సరియైన జవాబు 6,823. అప్పు లేకపోవడం వల్ల లెక్క ఎక్కడా ఆగదు, కనుక తప్పు జరిగినట్లు పిల్లవానికి తోచదు. అటువంటప్పుడు కొట్టివేసి సరిదిద్దడం కంటె, 'ఆరువేల పైచిలుకులో యాభై చిల్లర పోతే వెయ్యి చిల్లరే మిగులుతుందా?' అని అడగడం మేలు. సంఖ్యను మొత్తంగా చూడడం ఆ ప్రశ్న నేర్పుతుంది.

ఉ) సున్న. ఒక రాశిలో నుండి సున్నను తీస్తే ఆ రాశి మారదనీ, సున్నలో నుండి సున్న తీస్తే సున్నయే అనీ బ్రహ్మగుప్తుడు 628లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో నియమం చేశాడు. పెద్దలకు సులభంగా తోచే విషయాన్ని ఆ ఆచార్యుడు ప్రత్యేకించి చెప్పవలసి వచ్చిందంటే, అది చెప్పకుండా తెలిసేది కాదన్నమాట. 685లో 203 తీసేటప్పుడు ఎనిమిదిలో సున్న పోతే సున్న అనే పిల్లలున్నారు. 'సున్న అంటే ఏమీ లేదు, కనుక జవాబూ ఏమీ లేదు' అని వారి వాదం. ఎనిమిది కట్టలు చూపి, 'ఒక్క కట్టా తీయవద్దు, ఎన్ని ఉన్నాయి?' అని అడిగితే ఆ వాదం నిలవదు. జవాబు 482. సమానమైన అంకెలు వచ్చినప్పుడు ఫలితంలో సున్న నిలపాలి: 756లో 352 పోతే 404. అయితే ఎడమ కొసన వచ్చే సున్న రాయనక్కరలేదు: 478లో 423 పోతే 55. మధ్య సున్న స్థానాన్ని కాపాడుతుంది, కొస సున్నకు కాపాడవలసిన స్థానం లేదు. ఈ భేదాన్ని విడమరచి చెప్పాలి.

6. పరీక్షించే విధానం

మొదటి దశలో సరియైన జవాబు అవగాహనకు ప్రమాణం కాదని పైన చూశాం. మరి ప్రమాణమేది? ఇక్కడ మూడు ఉపాయాలు సూచిస్తున్నాను.

మొదటిది, చేయకుండానే చెప్పించడం. 74–32, 61–48, 90–50, 83–80, 45–17, 506–304 అని బల్ల మీద రాసి, 'జవాబులు వద్దు; వీటిలో కట్ట విప్పవలసినవి ఏవి?' అని అడగాలి. 61–48, 45–17 మాత్రమే అటువంటివి. 'ఒకటే పుల్ల ఉంది, ఎనిమిది ఎలా తీస్తాం?' అన్న పిల్లవానికి స్థానభావం కుదిరినట్లే. అన్నింటికీ ఒకే ఉత్సాహంతో జవాబు రాసేవాడు తప్పు నియమంతో నడుస్తున్నాడని ముందే తెలిసిపోతుంది. అందుచేత అప్పు లేని లెక్కలే నెలల తరబడి చేయించకుండా, 'ఇది ఇంకా మనకు రాదు' అని పిల్లవాడు గుర్తించవలసిన లెక్క ఒకటి మొదటి వారం నుండే మధ్యమధ్య చేర్చడం ఆవశ్యకం.

రెండవది, కూడి సరిచూడడం. శేషానికి వియోజకాన్ని కలిపితే వియోజ్యం రావాలి: 43, 35 కలిస్తే 78. ఈ అలవాటు మొదటి దశలోనే పడితే, 52–27కు 35 అని రాసిన పిల్లవాడు 35, 27 కలిపి 62 వచ్చేసరికి తానే ఆగుతాడు.

మూడవది, భావాలు మార్చి అడగడం. 'సంతకు 68 కొబ్బరికాయలు తెచ్చి 25 అమ్మితే ఎన్ని మిగిలాయి?' 'ఒక చెట్టుకు 68, మరొక చెట్టుకు 25 కాయలుంటే తేడా ఎంత?' '68 కాయలు కావాలి, 25 ఉన్నాయి, ఇంకా ఎన్ని కావాలి?' మూడింటికీ జవాబు 43. శేషం, అంతరం, పూరణం అనే మూడు భావాలూ ఒకే క్రియలో కలిసే చోటు పిల్లవానికి తెలియాలి.

'అప్పు' అన్న మాటను గురించి కూడా ఒక మాట చెప్పాలి. తెచ్చినదానిని తిరిగి ఇవ్వనప్పుడు అది అప్పు ఎలా అవుతుంది? పదుల స్థానం ఒకట్లకు అప్పు ఇవ్వడం లేదు. తన కట్టలలో ఒకటి విప్పి ఇస్తున్నది, విలువ మారడం లేదు. సూర్యదాసు వివరణ కూడా ఈ భావానికే అనుకూలం. కనుక రెండవ దశకు వెళ్ళినప్పుడు 'కట్ట విప్పడం' అన్న మాట వాడి, కొంత కాలానికి లోకవ్యవహారంలోని 'అప్పు'ను పరిచయం చేయడం యుక్తంగా ఉంటుంది.

7. అంతరభావం – అప్పును తప్పించే ఉపాయం

అంతరభావాన్ని వదిలివేయడం వల్ల నష్టమున్నదని మొదట అన్నాను. దానిని ఇక్కడ వివరిస్తాను. తాతకు 70 ఏళ్ళు, మనవడికి 8 ఏళ్ళు. తేడా ఎంత? నిలువుగా రాస్తే కట్ట విప్పవలసిన లెక్క. నిరుడు తాతకు 69, మనవడికి 7. అప్పటి తేడా 62, అప్పు లేదు. ఏళ్ళు గడిచినా ఇద్దరి మధ్య తేడా మారదు గనుక ఇప్పుడూ 62. రెండు రాశులనూ సమానంగా తగ్గించినా పెంచినా అంతరం మారదన్న సత్యం పిల్లవానికి ఇంటిలోనే దొరుకుతుంది.

ఈ దృష్టితో భాస్కరుని ఉదాహరణను మళ్ళీ చూద్దాం. 10,000, 360 రెండింటిలోనూ ఒకటి తగ్గిస్తే 9,999, 359 అవుతాయి. ఇప్పుడు ప్రతి పై అంకె తొమ్మిది. ఏ స్థానంలోనూ లోటు లేదు. యథాస్థానంగా తీస్తే 9,640. 1,000–467 కూడా ఇట్లే 999–466 అయి 533 వస్తుంది. సున్నలు లేని చోట పెంచడం అనుకూలిస్తుంది: 52–27లో రెండింటికీ మూడేసి కలిపితే 55–30, అంటే 25. 432–178లో ముందు రెండేసి కలిపితే 434–180, తరువాత ఇరవయ్యేసి కలిపితే 454–200, జవాబు 254.

ఇట్లా అయితే అప్పు నేర్పనే అక్కరలేదా అని శంక. అక్కర ఉన్నది. కట్ట విప్పడం స్థానవిలువను బోధిస్తుంది; దశాంశాలకూ, భాగహారానికీ అదే మూలం. సమానంగా పెంచి తగ్గించే ఉపాయం అంతరభావాన్ని బోధిస్తుంది. ఈ ఉపాయాన్ని కిటుకుగా కంఠస్థం చేయిస్తే పిల్లవాడు ఒక సంఖ్యను పెంచి మరొకదానిని తగ్గించే ప్రమాదం ఉన్నది. తాత మనవళ్ళ వయస్సులతో మొదలుపెడితే ఆ ప్రమాదం ఉండదు. ఇద్దరిలో ఒకరికే ఏడాది గడవదని ప్రతి పిల్లవానికీ తెలుసు.

ఉపసంహారం

అప్పు లేని తీసివేత అప్పు తీసివేతకు ముందు వచ్చే సులభమైన లెక్క మాత్రమే కాదు. అది యథాస్థాన సూత్రానికి శుద్ధమైన ఉదాహరణ. సూత్రం నిరాటంకంగా నడిచే చోటనే దానిని చూడగలగాలి. ఆటంకం వచ్చిన తరువాత చూపబోతే పిల్లవాని దృష్టి అంతా ఆటంకం మీదనే ఉంటుంది. ఈ దశలో సంఖ్యకూ అంకెకూ గల భేదం, ఇరవైలోని రెండు పదులు, సున్న చేసే పని, కూడి సరిచూసే అలవాటు అలవడితే తరువాతి దశ దానంతట అదే తెరుచుకుంటుంది. ఇవి అలవడకుండా యాభై లెక్కలు సరిగా చేసిన పిల్లవాడు కాగితం మీద ఉత్తీర్ణుడైనా 52–27 దగ్గర ఒంటరిగా నిలబడిపోతాడు. ఆ నిలబడిపోవడానికి బాధ్యత అతనిది కాదు.

భాస్కరుడు అర్ధశ్లోకంలో సూత్రం చెప్పి, మెట్లు కట్టే పనిని వ్యాఖ్యాతకు వదిలాడు. ప్రాథమిక పాఠశాలలో ఆ వ్యాఖ్యాత ఉపాధ్యాయుడే. మాటల అర్థభేదాలు తెలిసిన భాషాపండితులు కూడా అతనికి తోడు నిలవవలసి ఉన్నది. ఈ దిశలో తెలుగు సంఖ్యావాచకాల బోధనకు ప్రాథమిక తరగతులకు తగిన చిన్న పాఠాలు తయారుచేయడానికి సహృదయులైన అధ్యాపకులు పూనుకోవాలని ఈ వ్యాసకర్త మనవి.